దూది ఎగిరే ఇంట్లో చెల్లెలి ఊపిరి

నాకు రాయడం అలవాటు లేదు. ఐదో క్లాసుతో బడి ఆగిపోయింది. ఎక్కడైనా తప్పుంటే చదివేవాళ్ళే సర్దుకోవాలి. మా చెల్లెలి ఆయాసం సంగతి మాత్రం చెప్పాలని చాలా రోజులుగా ఉంది.

యాభైల్లో మాట. మద్రాసు పెరంబూరులో రైల్వే వర్క్‌షాపు వెనక వీధిలో ఉండేవాళ్ళం. మా నాయన పరుపులు కుట్టేవాడు. ఇంటి వెనక తాటాకు కొట్టంలో బూరుగు దూదిని కర్రతో కొట్టి గింజలు తీసేవాడు. అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని దిండ్లు నింపేది. దూది పొగలాగా లేచి ఇల్లంతా తిరిగేది. అన్నం మీద పడేది, దేవుడి పటాల మీద పడేది, మా అవ్వ కనుబొమల మీద కూర్చునేది. అది దుమ్మని మాకెప్పుడూ అనిపించలేదు. ఇంట్లో గోడలున్నట్టే అదీ ఉండేది.

చెల్లెలిది అప్పటికింకా బడికి వెళ్ళే వయసు కాదు. తెల్లవారుజామున లేచి కూర్చునేది. గొంతులో పిల్లికూతలు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల సందుల్లో చర్మం లోపలికి పోయేది. ఏడవడానికి కూడా ఊపిరి చాలేది కాదు. ఊరికే మా మొహాలు చూసేది.

మా ఇంట్లో ఒంట్లో బాగాలేదంటే వైద్యాలన్నీ ఒకేసారి మొదలయ్యేవి. డాక్టరు ఇచ్చిన మిక్చరు, అవ్వ కాచిన మిరియాల కషాయం, మెడలో తాయెత్తు, పెరుగు బంద్, అరటిపండు బంద్. రెండు రోజులకు తగ్గేది. అమ్మ మిక్చరు వల్ల అనేది, అవ్వ తాయెత్తు వల్ల అనేది, ఇద్దరూ పోట్లాడుకునేలోపల మళ్ళీ వచ్చేది. సముద్రపు గాలి పడట్లేదని నాయన నమ్మకం. ఆ గాలి వీచిన సాయంత్రం కిటికీ మూసేసేవాడు. దూదితో పాటు అందరం లోపలే ఉండేవాళ్ళం.

ఆ ఏడాది బడిలో మా టీచరమ్మ శాస్త్రజ్ఞుల గురించి చెప్పింది. తెల్లకోటు వేసుకుని సీసాల్లో మందులు కలిపేవాళ్ళే శాస్త్రజ్ఞులు కాదంది. ఆకాశంలో నక్షత్రాల్ని ఎవరూ కదపలేరు కాబట్టి కొందరు వాటిని ఏళ్ళ తరబడి చూస్తూ రాసుకుంటారట. కొందరు రకరకాల పిట్టల్ని, ఆకుల్ని పక్కపక్కన పెట్టి ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ వేరుగా ఉన్నాయి అని పోల్చి చూస్తారట. ఇంకొందరు ఒక్కటంటే ఒక్కటి మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, ఏమవుతుందో చూస్తారట. ఎండలో గుడ్డ ఎంత తొందరగా ఆరుతుందో చూద్దామని మాకు రెండు తడిగుడ్డలు ఇచ్చింది. మాలో ఒకమ్మాయి ఎండలో వేసేదాన్ని గట్టిగా పిండి వేసింది, నీడలో వేసేదాన్ని పిండకుండానే వేసింది. టీచరమ్మ నవ్వి, "ఇప్పుడు ఎండ వల్ల ఆరిందా, నువ్వు పిండినందుకు ఆరిందా, నాకెట్లా తెలిసేది?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు మా అవ్వ తాయెత్తు, అమ్మ మిక్చరు గుర్తొచ్చాయి.

అప్పట్నుంచి చెల్లెల్ని గమనించడం మొదలుపెట్టాను. మబ్బు పట్టిన రోజు, పెరుగు తిన్న రోజు, దూది మూట విప్పిన రోజు. పెళ్ళిళ్ళ కాలంలో నాయనకు పని ఎక్కువ. ఆయాసమూ అప్పుడే ఎక్కువ. ఇంతలో తిరువొత్తియూరులో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళి కొన్నాళ్ళున్నాం. పెద్దమ్మకు పిల్లలు లేరు. సముద్రం వాళ్ళ వీధి చివరే. ఆ గాలిలోనే చెల్లెలు ఇసకలో పడి పరిగెత్తింది, తెల్లారేదాకా కదలకుండా పడుకుంది.

ఇదంతా టీచరమ్మకు చెప్పాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అక్కడ తిండి వేరు, నీళ్ళు వేరు, ఇల్లు వేరు కాబట్టి ఏది కారణమో తేలదంది. ఈ వీధిలోనే, ఈ తిండే పెడుతూ, దూది ఒక్కటి లేకుండా ఉంచి చూడగలరా అని అడిగింది.

ఇంట్లో చెప్పగానే అవ్వ నాయన వైపు తిరిగి అందుకుంది. "డాక్టరమ్మ వచ్చిందిరా అబ్బయ్యా, లేచి కుర్చీ వెయ్యి. జడ అల్లుకునేది రాదు గానీ మనకు రోగాలు చెప్తా ఉండాది."

అమ్మే ఎదురింటావిడను అడిగి చెల్లెల్ని పగలూ రాత్రీ వాళ్ళింట్లోనే ఉంచింది. కొత్త చాప, ఉతికిన దుప్పటి. అన్నం మా ఇంటిదే. మిక్చరు, తాయెత్తు అలాగే ఉంచాం. పిల్లికూతలు ఆగిపోయాయి, మళ్ళీ రాలేదు. అమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి చెల్లెలి వీపు మీద చెవి పెట్టి వినేది.

ఒక సాయంత్రం నాయన కర్ర పక్కన పెట్టి నన్ను పిలిచాడు. "నా దూదే అని ఎట్లా అంటావు మే? దానంతటదే తగ్గిండొచ్చు గదా?"

నాకు జవాబు తెలుసు. టీచరమ్మ ఆ మాటా చెప్పింది. తీసేసినదాన్ని మళ్ళీ పెట్టి చూస్తేగాని నమ్మకం కుదరదని. చెల్లెల్ని మళ్ళీ దూదిలోకి తెమ్మని నేనెట్లా అంటాను? నాయనే అన్నాడు, "బిడ్డను ఇంటికి తీసుకురాండి. నేను కళ్ళారా చూడాల."

చెల్లెలు గంతులేస్తూ వచ్చింది. ఇల్లంతా తిరిగింది, దూది మూట మీదెక్కి దొర్లింది. నాయన వద్దనలేదు. తెల్లవారుజామున పిల్లికూతలు మొదలయ్యాయి. నాయన దాన్ని భుజాన వేసుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఆయన చొక్కా నిండా దూదే. అది గుర్తొచ్చి చొక్కా విప్పి వాకిట్లోకి విసిరేశాడు. ఒట్టి ఒంటితో బిడ్డను పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ఏడ్చాడు. నేను ఆయన ఏడవగా చూడడం అదే మొదలు.

ఆయనకు వేరే పని రాదు. వర్క్‌షాపులో అడిగి చూశాడు, వయసు దాటిందన్నారు. కొట్టం వేరే చోట వేసుకునే స్థోమత లేదు. ఎదురింట్లో ఎన్నాళ్ళని ఉంచుతాం? పెద్దమ్మ వచ్చి మేము పెంచుకుంటాం అంది. అవ్వ దూది లేని మూల కోసం ఇల్లంతా వెతికింది. అలాంటి మూల మా ఇంట్లో లేదు. అమ్మ చెల్లెలి బట్టలన్నీ ఉడకబెట్టి, ఎదురింటి దండెం మీద ఆరేసి, మూట కట్టింది.

బడిలో టీచరమ్మ సంతోషపడి, ఎలా కనిపెట్టావో లేచి అందరికీ చెప్పమంది. లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

మొదట్లో ఆదివారాలు వెళ్ళేవాళ్ళం, తలంటుకుని, విడిగా దాచుకున్న బట్టలు కట్టుకుని. ఇంటి పని పెరిగి నేను బడి మానాక అదీ తగ్గింది. ఒకరోజు తిరువొత్తియూరులో ఎవరికో పరుపు ఇవ్వడానికి నాయనతో నేనూ వెళ్ళాను. ఇచ్చేసి సముద్రం వైపు నడిచాం. చెల్లెలు జాలరి పిల్లలతో కలిసి అలల వెంట పరిగెత్తుతోంది. అరవంలో అరుస్తోంది. పెద్దమ్మ పిలిస్తే "వస్తా ఉండానమ్మా" అని మాత్రం తెలుగులో అంది.

నేను పిలవబోతే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. తన చొక్కా వైపు చూసుకున్నాడు. పని బట్టలు.

"వద్దులే. ఈడనుంచే చూద్దాం," అన్నాడు. కాసేపటికి, "అంతసేపు పరిగెత్తినా ఎగపోత లేదు చూడు," అన్నాడు.

చెల్లెలు ఇంట్లోకి వెళ్ళేదాకా రోడ్డు మీదే నిలబడ్డాం. తర్వాత స్టేషనుకు నడిచాం.