తెరుచుకోని పన్నెండో లింకు

నాలుగేళ్లుగా ఈ మాట నా లోపల ఉండిపోయింది. ఏ పని చేస్తున్నా కాస్త ఒత్తుతూనే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సునాబెడలో మా పక్కింట్లో పార్వతి పిన్ని ఉండేది. చుట్టం కాదు, పిలుపు అలా అలవాటైంది. బాబాయి ఫ్యాక్టరీలో రిటైరయ్యాక తన కథంతా కంప్యూటర్లో టైపు చేసుకున్నాడు. ఒక్కో అధ్యాయం చివర ఒక లింకు. నొక్కితే ఆయన గొంతు వినిపించేది. సొంతూరు రామనగుడలో పొలం పనులు, నైట్ షిఫ్టులు, పెళ్లినాటి వాన. పన్నెండో లింకు మీద మాత్రం ‘పార్వతికి’ అని ఒక్క మాటే ఉంది. ఆయన పోయాక పిన్నికి అది నొక్కడానికి ధైర్యం చాలలేదు. ఏడాది తిరిగాక వింటానంది.

ఈలోగా ఆయన ల్యాప్‌టాప్ మొరాయించింది. ఆఫీసులో నాది ఇలాంటి ఫైళ్ల పనే. ఆయన కథా, రికార్డింగులూ దాచుకున్న డి డ్రైవ్ మొత్తం కొత్తదానిలోకి ఎక్కించి, పాతదాన్ని పూర్తిగా చెరిపేసి పారేయించాను.

సంవత్సరీకాలైన మర్నాడు పిన్ని పిలిచింది. ఏ లింకూ తెరుచుకోవడం లేదు. ఫైళ్లు చోటు మారితే అంతే. ఒక్కొక్క లింకుకీ కొత్త చోటు చూపించుకుంటూ వచ్చాను. పదకొండూ పలికాయి. పిన్ని ఒకదానికి నవ్వింది, ఒకదానికి ఏడ్చింది. పన్నెండోదాని చిరునామా తెరిచి చూశాను. అది డి డ్రైవ్‌ది కాదు. పాత ల్యాప్‌టాప్ తెరవగానే కనిపించే డెస్క్‌టాప్ మీద విడిగా పెట్టిన ఫైలుది. చెరిపేముందు నేను డెస్క్‌టాప్ చూడనే లేదు.

“ఏటమ్మీ, అదొక్కటీ రాదేటి?”

“ఫైలు లేదు పిన్నీ. బాబాయే తీసేసేరేమో.”

పిన్ని తెర మీది తన పేరును వేలితో తాకింది.

“ఆరే తీసేసేరా? నానేటి తప్పు సేసేనని?”

నాకు తెలియదన్నాను.

ఎందుకలా అన్నాను? భయమా? పని తెలిసినదాన్నన్న పేరు పోతుందనా? ఎంత తవ్వుకున్నా సరైన జవాబు దొరకదు. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక నేనూ దాన్ని నమ్మినట్టే కూర్చున్నాను, మౌసు పట్టుకుని, ఇంకేదో వెతుకుతున్నట్టు. ఒక్కోసారి ఇంకో ఆలోచన వస్తుంది. నిజంగానే ఆయన తీసేసి ఉంటే? అసలు రికార్డు చేయకుండానే లింకు పెట్టి ఉంటే? అప్పుడు నేను చెప్పింది అబద్ధమవుతుందా? చూడకుండా చెరిపేశాను కాబట్టి ఇక ఎప్పటికీ తేలదు. తేలకపోవడం నాకు సాయమో శిక్షో కూడా అర్థం కాదు.

ఆ తర్వాత పిన్ని ఎప్పటెప్పటివో గొడవలు తవ్వుకోవడం మొదలుపెట్టింది. ఫలానా పెళ్లికి వెళ్లొద్దన్నందుకా, ఫలానా రోజు అన్నం పెట్టకుండా పడుకున్నందుకా అని నన్నే అడిగేది. నేను కాదని తల ఊపేదాన్ని. అంతకంటే ఏమీ చెప్పలేదు. నిరుడు రామనగుడలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఫోన్ చేసి నా ఆరోగ్యం అడుగుతుంది. ప్రతిసారీ చెబుదామనుకుంటాను. చెబితే ఆ గొంతు పోయిందన్న దుఃఖం కొత్తగా మొదలవుతుంది. చెప్పకపోతే ఆయనకు తన మీద కోపమన్న దుఃఖం అలాగే ఉంటుంది. ఏది తక్కువో తూచలేకపోతున్నాను. లేక, ఇదీ తప్పించుకోవడమేనా?

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇది సరిపోదని తెలుసు. అయినా ఒక్కసారి రాయనివ్వండి: బాబాయి తీసేయలేదు పిన్నీ. నేను చూసుకోలేదు.

రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.