కొంగు కింద చెప్పిన ధర

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేని ధరా నోటితో చెప్పేవాళ్ళు కాదు. మా తాతయ్య తిరుత్తణి చుట్టుపక్కల సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చే దళారి. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ తుండుగుడ్డ కింద పట్టుకుని, వేళ్ళతోనే ధర తేల్చేవాడు. వేలికి ఒక లెక్క, వేలి కణుపుకు ఇంకో లెక్క. చుట్టూ ఇరవై మంది నిలబడి చూస్తున్నా ఎంతకు అడిగారో, ఎంతకు తెగిందో మూడో మనిషికి తెలిసేది కాదు. ఒకరి అవసరం పదిమంది చెవిన పడకూడదని పెద్దవాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. తాతయ్య పోయాక ఆ తుండుగుడ్డ స్థానంలోకి మా అవ్వ చీరకొంగు వచ్చింది. ఆడమనిషి సంతలో చెయ్యి చాపడమేమిటని మొహం తిప్పుకున్నవాళ్ళు ఉన్నారు. ఆమె చాపిన చెయ్యి చాపినట్టే ఉంచేది. రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళే ఆమె వచ్చేదాకా బేరం మొదలుపెట్టకుండా కాచుకునేవాళ్ళు.

మా చిన్నాయన ఎద్దుల జోలికి పోలేదు. తిరుత్తణి కొండ కింద టాక్సీ స్టాండులో ఇంకొకరి కారు నడిపేవాడు. అప్పట్లో ఊరూరా పేరు మోగిపోతున్న కంపెనీ చిన్న కారు ఒకటి ఉండేది. అలాంటిది సొంతానికి కొనాలని, అదీ షోరూము నుంచి కొత్తదే తేవాలని ఆయన పట్టు పట్టాడు. స్టాండులో అందరికీ ముందే చెప్పేశాడు. కొండమీద బండికి పూజ చేయించడానికి మంచిరోజు కూడా చూసుకున్నాడు. బ్యాంకు కొంత ఇస్తుంది, మిగిలినదానికి బావి కయ్య అమ్ముదాం అన్నాడు. మాకు ఏడెకరాలు ఉన్నా ఆరెకరాలు వాన దయమీద బతికేవి. బావి నీళ్ళు పారే ఆ కయ్య, ఒక్క ఎకరా వరిమడి, దానివల్లే ఏడాది పొడవునా మా ఇంట్లో అన్నం ఉడికేది. కయ్య అవ్వ పేరుమీద ఉంది. ఆమె వేలిముద్ర పడితే కారు వస్తుంది, కయ్య పోతుంది. మా నాయనకు తమ్ముడి మాట కాదనడం చేతకాదు కాబట్టి ఇక అంతా అవ్వ చేతిలోనే ఉంది.

"చూడకుండా దూడను గూడా కొన్లేదురా నేను. పోయి చూస్తా, ఆపైన ఏలు పెడతా" అంది అవ్వ. నన్నూ వెంట రమ్మంది. నాకప్పుడు పదకొండేళ్ళు. బడిలో అరవం చదివేదాన్ని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. అవ్వకు ఏ చదువూ రాదు. చిన్నాయన కాగితం చదివితే తనకు కావలసినట్టు చదువుతాడని ఆమె అనుమానం. అనుమానం కాదు, గట్టి నమ్మకమే.

తిరుత్తణి నుంచి బస్సులో తిరువళ్ళూరు పోయి, మణవాళనగర్ దగ్గర దిగాం. షోరూము అంతా అద్దాలు. లోపల నాలుగు కార్లు ముఖాలు కడుక్కున్నట్టు మెరుస్తున్నాయి. చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా నడుస్తున్నాడు. అవ్వ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. ఎద్దును చూసినట్టే కారును చూసింది. చుట్టూ తిరిగి, వంగి కింద చూసి, ముందు మూత ఎత్తించి, చక్రాన్ని అరచేత్తో నొక్కింది. మేనేజరు ఓపిగ్గానే వెంట తిరిగాడు. తరవాత మమ్మల్ని కూర్చోబెట్టి, అచ్చువేసిన ధరల కాగితం ఒకటి మా ముందు పెట్టాడు. నేను పైనుంచి కిందిదాకా చదివాను. అవ్వ అంతా విని తల ఊపింది.

అప్పుడు ఆమె లేచి, కుడిచేతి మీద కొంగు కప్పుకుని, మేనేజరు వైపు చాపింది.

ఆమె మనసులో తప్పేమీ లేదు. కాగితం మీద ఉన్నది మొదట చెప్పే ధర మాత్రమేననీ, అసలు బేరం ఇప్పుడే మొదలనీ ఆమె అనుకుంది. మేనేజరుకు ఏం అర్థమైందో తెలియదు, కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. పక్కన బిల్లులు రాసే కుర్రవాడికి మాత్రం సంగతి తెలిసింది. మాటు సందై, మాటు సందై, అని అరవంలో అరిచి పగలబడి నవ్వాడు. పశువుల సంత అనేసరికి అద్దాల గదంతా నవ్వింది. కారు కొనడానికి వచ్చిన ఒక కుటుంబం కూడా నవ్వింది. "అమ్మా, చెయ్యి దించమ్మా, మానం పోతాది" అని చిన్నాయన పళ్ళ మధ్య నుంచి అన్నాడు. అవ్వ దించలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ కథ చెప్పే అర్హత నాకు లేదు. నేను కుర్చీలోంచి లేచి రెండడుగులు పక్కకు జరిగాను. గోడమీద ఉన్న కారు బొమ్మను చూస్తున్నట్టు నిలబడ్డాను. ఆ నవ్వుతున్న కుటుంబంలో నా ఈడు పిల్ల ఒకతె ఉంది. నేను ఈ ముసలామెతో రాలేదని ఆ పిల్ల అనుకుంటే చాలుననిపించింది.

"పాటి, ఇది ఫిక్స్‌డ్ రేటు. అందరికీ ఒకటే" అన్నాడు మేనేజరు నవ్వు ఆపుకుని. పాటి అంటే అరవంలో నాయనమ్మ. అవ్వ అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుంది. నెమ్మదిగా, కొంగు సర్దుకుంటూ తీసుకుంది. "అడిగేదానికి లేకుండా చెప్పేది ధర కాదు నాయనా, అపరాధం, కోర్టోళ్ళు ఏసే జుల్మానా. సరే, అపరాధం కట్టేవాళ్ళకు గూడా దేనికి కడతా ఉండామో తెలియల్ల గదా. పాపా, ఇట్ల రా. ఒక్కో వరస చదువు."

పిలిచింది కాబట్టి పోయాను. చెవులు మండిపోతున్నాయి. రోడ్డు పన్ను అని చదివాను. రేపు బండిని అమ్మితే ఇది తిరిగి వస్తుందా అని అడిగింది. రాదన్నాడు. అవ్వ ఒక వేలు మడిచింది. రిజిస్ట్రేషను, రాదు. ఇన్సూరెన్సు, ఏడాదికోసారి మళ్ళీ కట్టాలి. సీటు కవర్లు, కాళ్ళకింద పట్టాలు, బండిని మా చేతికి ఇవ్వడానికి ఒక ఖర్చు. మా సంతల్లో ఎద్దును అమ్మినవాడు దాని మెడలో పలుపు విప్పుకుని తీసుకుపోతాడు. కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాలి. ఎవడూ పలుపు ఖరీదును ఎద్దు ఖరీదులో కలపడు. అవ్వ ఆ మాటే మేనేజరుకు విడమరిచి చెప్పింది. ఆ చెయ్యి వేళ్ళు అయిపోయి రెండో చేతికి వచ్చేసరికి బిల్లుల కుర్రవాడు నవ్వడం మానేశాడు.

"ఇవన్నీ తీసెయ్యి. ఒట్టి బండి ఉందే, దాన్ని ఇప్పుడు తోలుకుపోయి రేప్పొద్దన తెస్తా. బురద గూడా అంటనియ్యను. ఎంతకు తీసుకుంటావు?"

మేనేజరు కలం వైపు చూశాడు. గేటు దాటితే అది సెకండ్ హ్యాండ్ అయిపోతుంది పాటి, అన్నాడు. గేటు దాటడానికి ఎంత పోతుందని అవ్వ అడిగింది. ఆయన కలం మూత పెట్టి తీశాడు. "బస్సోడు గూడా టికెట్టు చించేముందు ఎంతో చెప్తాడు గదప్పా" అంది. దూడ పని నేర్చుకునే కొద్దీ దాని ధర పెరుగుతుంది, ఇది రోడ్డుమీద తిరిగి ఏం నేర్చుకుంటుంది అని కూడా అడిగింది. ఆయన చెడ్డమనిషేమీ కాదు, ఆ ప్రశ్న ఆయనను అంతవరకూ ఎవరూ అడగలేదు, అంతే.

షోరూముకు ఒక పక్కగా రేకుల షెడ్డు ఒకటుంది. వాళ్ళు కొని మళ్ళీ అమ్మే పాత బండ్లు అక్కడ ఉంటాయి. బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే అవ్వ కన్ను దాని మీద పడింది. నేరుగా అటు నడిచింది. అదే కంపెనీది, అదే తెల్లరంగు, ఏడాది తిరిగిన కారు ఒకటి అక్కడ నిలబడి ఉంది. దాన్ని మరమ్మత్తు చేస్తున్న మెకానిక్కు వెంగల్ వైపు తెలుగాయన. మేము మాట్లాడుకోవడం విని, "యాడనుంచి వచ్చినారమ్మా?" అని పలకరించాడు. మేనేజరు కూడా మా వెనకే వచ్చాడు. కొత్తది వద్దంటే ఇది చూడండి అని ఒక ధర చెప్పాడు. అది కొత్తదాని కంటే ఎంతో తక్కువ కాదు.

అవ్వ మెకానిక్కు వైపు తిరిగింది. కళ్ళతోనే బండిని చూపించింది. మళ్ళీ కొంగు కప్పుకుని చెయ్యి చాపింది. ఇంకోసారా అనుకున్నాను. ఆయనా సంతలు ఎరిగినవాడేనేమో, ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. నూనె చెయ్యి లుంగీకి తుడుచుకుని కొంగు కింద పెట్టాడు. గుడ్డ కొంచెం కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. అవ్వ చూపు కారు మీదే ఉంది. సంతలో ఎలా ఉండేదో ముఖం అలాగే ఉంది. మేనేజరు పక్కనే నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు. ముసలామె ఊరివాడిని చూసి చెయ్యి పట్టుకుంది అనుకున్నాడో ఏమో. ఆ బండిని మొదటి సొంతదారు దగ్గర వాళ్ళు ఎంతకు కొన్నారో ఆ నాలుగు కదలికల్లో అవ్వకు తెలిసిపోయింది.

ఆమె తిరిగి అద్దాల గదిలోకి నడిచింది. మేమంతా వెనకే పరుగెత్తాం. నడుమ నిలబడి అంది, "మా తావున ధర కొంగు కిందే చెప్తాము, అమ్మేవాళ్ళ మానం కాపాడేదానికి. ఈడ దానికి మర్యాద లేదు, మీరే నగినారు. అందుకే నోటితోనే చెప్తా ఉండా, అందరూ వినండి." ఒక అంకె చెప్పింది. అది వాళ్ళు కొన్న ధర. దానిమీద మీ కష్టానికి ఇంత అని ఇంకో అంకె చెప్పింది. అవ్వ ధరను పైకి చెప్పగా నేను విన్నది ఆ ఒక్కరోజే. ఆ అంకెలు నాకిప్పటికీ గుర్తున్నాయి, కానీ రాయను, మా ఇంటి అలవాటు అది. మేనేజరు ముఖం పాలిపోయింది. "ఎవరు చెప్పినారు మీకు?" అన్నాడు. షెడ్డులో మెకానిక్కు అప్పటికే కారు కిందికి దూరిపోయాడు. "ఎవరూ నోరు తెరవలేదు నాయనా, నువ్వూ ఆన్నే ఉంటివి గదా" అంది అవ్వ. నవ్విన ఆ కుటుంబం పెద్దాయన తన చేతిలోని ధరల కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. అది చూశాక మేనేజరు ఎక్కువసేపు బిగదీయలేదు, అవ్వ చెప్పినదానికే ఒప్పుకున్నాడు.

చిన్నాయన కూడబెట్టినదీ, బ్యాంకు ఇచ్చినదీ, అవ్వ తన రెండు జతల ఎద్దుల్ని అమ్మి తెచ్చినదీ కలిపితే ఆ బండికి సరిపోయింది. కయ్య మిగిలింది. కానీ చిన్నాయన నెలరోజులు తల్లితో మాట్లాడలేదు. పాత బండి కొన్నాడని స్టాండులో ఎవరో ఎగతాళి చేశారట. అవ్వ ఆయన చూసుకున్న మంచిరోజునే బండిని కొండకు తీసుకుపోయింది. పూలదండ, గుమ్మడికాయ, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు, ఏదీ తగ్గించలేదు. "బండికి ఏడాది వయసని నిమ్మకాయకు తెలుస్తాదా?" అని స్టాండులో వాళ్ళందరూ వినేలా అడిగింది. చిన్నాయన ఆ కారును పన్నెండేళ్ళు నడిపాడు. కరువు వచ్చిన రెండేళ్ళూ ఆయన పిల్లలూ మేమూ కయ్యలో పండిన అన్నమే తిన్నాం.

షోరూము నుంచి తిరిగి వస్తున్న ఆ సాయంత్రం బస్సులో అవ్వ నా పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. తిరుత్తణి దగ్గర పడుతుండగా, "రెండడుగులు పక్కకు పోతివి గదా పాపా" అంది. కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు, ఎద్దు పళ్ళు లెక్కపెట్టి చెప్పినట్టు చెప్పింది. నేను ఏడ్చేశాను. ఏడవద్దని కూడా అనలేదు. నా చేతిలో వేయించిన వేరుశనగల పొట్లం పెట్టి బయటికి చూస్తూ కూర్చుంది.

నాకిప్పుడు యాభై నిండబోతున్నాయి, మనవరాలు ఉంది. ధరలు, తరుగుదల నాకు అవ్వంత బాగా తెలియవు. ఏదైనా కొనేటప్పుడు రేపు తిరిగి తెస్తే ఎంతిస్తారని అడగడం మాత్రం మానలేదు. అడిగితే నవ్వుతారు, నవ్వనీ. కానీ ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఆ లెక్క కాదు. బ్యాంకు కిటికీ దగ్గరో, ఆసుపత్రి బిల్లు దగ్గరో, తాలూకా ఆఫీసులోనో ఎవరో ఒక ముసలామె అడగకూడనిదేదో అడుగుతుంది. వరసలో ఉన్నవాళ్ళు నవ్వుతారు. నేను వరస విడిచి పోయి ఆమె పక్కన నిలబడతాను. మీరెవరు, ఈమెకు ఏమవుతారు అని లోపలివాళ్ళు విసుక్కుంటారు. ఏమీ కాను, ఆమె అడిగినదానికి ముందు జవాబు చెప్పండి అంటాను.