నేను కట్టేసిన నల్లా

రష్యా ఉత్తరాన ఒక ఊళ్లో మా నావికా జట్టు దిగేసరికి పగలు పదకొండు. చీకటి ఇంకా వీడలేదు. మైనస్ ఇరవై ఎనిమిది. అక్కడున్న మన నేవీ ఓడ మరమ్మతు పూర్తయ్యేదాకా, పద్నాలుగు నెలలు, కాపలా మాది. ఇక్కడ మా ఉప్పల్‌లో ఈ మాట ఎత్తితే చాలు, మంచు ఫొటోలు చూపించమంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

మేముండే కార్ఖానా హాస్టల్ బాధ్యత వేరా అనే ముసలావిడది. ఆమె పడుచుగా ఆ ఊరికి వచ్చేనాటికి అక్కడ బురద, నాలుగు చెక్క ఇళ్లు. బురదలో దుంగలు దిగ్గొట్టి ముందు ఓడల కార్ఖానా కట్టారట. వీధులు, బడి, దవాఖానా ఆ తర్వాతే. మన నాచారంలో కూడా ఫ్యాక్టరీలే ముందు కదా. ఇప్పుడు పని తగ్గి, వయసు పిల్లలు వెళ్లిపోయి, సగం కిటికీల్లో దీపం లేదు. వేరాకు మిగిలింది ఆ ఉద్యోగం, దాంతోపాటు ఇచ్చిన ఒక గది.

వంటగది పైపు బయటి గోడ వెంట వస్తుంది. చలికాలమంతా నల్లా సన్నగా పారుతూనే ఉండాలి. ఆగితే నీళ్లు గడ్డకట్టి పైపు పగులుతుంది. వేరా సైగలతో చెప్పింది. నేను తలూపాను కూడా. కానీ చిల్కానగర్‌లో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఇంట్లో పెరిగినవాణ్ణి. నల్లా వదిలేస్తే అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగేది. ఒక సాయంత్రం ఓడ మీద రాత్రి డ్యూటీకి పోతూ అలవాటుగా కట్టేశాను.

ఉదయం ఏడింటికి మా జట్టు వైర్‌లెస్ ఆపరేటర్, మేడిపల్లి పిల్లాడు, హాస్టల్ నుంచి సెట్‌లో పిలిచాడు.

“అన్నా, పైపు పలిగింది. కింది అంతస్తంత మంచే. నల్లా ఎవరు బంద్ జేసిండ్రో ఎరుకనా?”

“నాకేం ఎరుక?”

మా చీఫ్ అందరినీ వరుసలో నిలబెట్టి అడిగాడు. నోరు విప్పితే మధ్యలోనే ఇంటికి పంపుతారని భయం. విప్పలేదు. ముసలావిడే నల్లా వదిలి ఉంచడం మరిచిపోయిందని కార్ఖానావాళ్లు రాసుకున్నారు. ఉద్యోగం పోయింది. గది ఖాళీ చేయమన్నారు.

“పాపం, గీ చలిల ఏడికి వోతదే అన్నా?” అన్నాడు ఆపరేటర్. నేను బూట్ల లేసులు కట్టుకుంటూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చాను, అయినా చెప్పలేదు.

ఓడతోపాటే తిరిగొచ్చాను. ఊరికొస్తే రైల్వే స్టేషన్లో దండలు వేశారు. నేవీలో సర్వీసు అయిపోయి, ఇప్పుడు నాచారంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ. డ్యూటీ మధ్యలో ఒక్కోసారి వేరా వెళ్లిపోయిన పొద్దు కళ్ల ముందుకు వస్తుంది. హాస్టల్ మెట్ల కింద నాకు ఎదురైంది. రెండు సంచులూ మంచులో పెట్టింది. చేతితొడుగులు తీసి, తెరిచి ఉన్న నా కోటు మెడ గుండీ పెట్టింది. గుండీ రెండుసార్లు జారిపోయింది. పెట్టేదాకా వదల్లేదు.