ఆరో కంప్యూటర్‌లో రాని గులాబీ రంగు

వేడెక్కిన కంప్యూటర్ వాసన తగిలితే చాలు, మూర్తి మాస్టారు గుర్తొస్తారు. మొన్న దువ్వాడలో కంప్యూటర్ పరీక్ష డ్యూటీకి వెళ్ళినప్పుడూ అంతే. చాక్‌పీసు వాసనకి గుర్తొస్తే పద్ధతిగా ఉండేది. కంప్యూటరంటేనే మొహం చిట్లించే మనిషాయన.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కూర్మన్నపాలెం దగ్గరి హైస్కూల్లో మేమిద్దరం రసాయనశాస్త్రం చెప్పేవాళ్ళం. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దాయన. నేను కొత్తగా చేరినదాన్ని, నోరు మాత్రం పాతదే. స్కూలుకి పది పాత కంప్యూటర్లొస్తే, టైట్రేషన్ పరీక్ష వాటిమీదే పెట్టాలని హెడ్మాస్టరుతో వాదించి గెలిచాను. మీట నొక్కితే తెరమీది బ్యూరెట్ గొట్టం నుంచి ఫ్లాస్కులోని ఆమ్లంలోకి క్షారం పడుతుంది. రంగులేని ద్రవం గులాబీగా మారగానే ఆపి, కొలత టైపు చెయ్యాలి. మార్కులు యంత్రమే వేస్తుంది. "దానికి పక్షపాతం ఉండదండీ" అని మాస్టారి మొహంమీదే అన్నాను. మార్కులు తగ్గినవాళ్ళు 'ఏ' సెక్షన్ నుంచి 'బీ'కి పోతారు. 'బీ' వాళ్ళకి లాబ్ పీరియడే లేదు.

నూకరత్నం జాలరిపేట పిల్ల. లాబ్‌లో దానంత నిలకడైన చెయ్యి ఇంకొకరికి లేదు. ఆ పిల్ల కొలత యాభై అని కొట్టింది. సున్నా వచ్చింది.

"బ్యూరెట్ మొత్తం ఖాళీ చేశావా? కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అందరి ముందూ కడిగేశాను.

"నాను సూత్తనే ఉన్నాను టీచర్. రంగు రాలేదు. రాకండా ఎలా ఆపీమంటారు?"

"అందరికీ వచ్చి నీకొక్కదానికే రాలేదా?"

బడి వదిలాక మాస్టారు కంప్యూటర్ గదిలోకి వచ్చారు. "ఏవమ్మా, ఆ పిల్ల కూర్చున్న చోట నువ్వు కూర్చున్నావా?"

"నేను పెట్టిన పరీక్ష నాకు తెలీదాండీ?"

"తెలుసులే. కూర్చో."

అది ఆరో కంప్యూటర్. నొక్కాను. ఇరవై దాటింది, ముప్పై దాటింది, బ్యూరెట్ ఖాళీ అయింది. ఫ్లాస్కు రంగు మారలేదు. ఆ తెరకి ఎరుపు పోయింది. తెలుపూ గులాబీ రెండూ ఒకే పచ్చనీలంగా కనిపిస్తున్నాయి. నేను సరిచూసుకున్నది మొదటి కంప్యూటర్ ఒక్కటే. ఆ రోజు ఆరో దానిముందు వంతులవారీగా మరో ముగ్గురు కూర్చున్నారు. ముగ్గురికీ పూర్తి మార్కులు! పక్క తెర చూసి కొట్టారన్నమాట.

"ఆ పిల్ల మార్కులు దిద్దేస్తానండీ" అన్నాను.

"దిద్దుదువుగాని. తిట్టిందెక్కడ?"

"క్లాసులో."

ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. వాదించడానికి ఒక్క ముక్కైనా మిగల్చకుండా వెళ్ళడం ఆయనకే చేతనవును.

మర్నాడు తప్పు నాదేనని క్లాసులో చెప్పాను. పరీక్ష మళ్ళీ లాబ్‌లో, నిజం బ్యూరెట్‌తో పెట్టాను. నూకరత్నం 'ఏ' సెక్షన్‌లోనే ఉండిపోయింది. ఊరుకుందా? "మరి కళ్ళు మీరెక్కడెట్టుకున్నారు టీచర్?" అంది. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో వచ్చి కూర్చున్న మాస్టారు కూడా.

మొన్న దువ్వాడలో పిల్లలు రాకముందే మొదటి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నాను. "అన్నీ చెక్ చేసేశాం మేడమ్" అన్నాడు సూపర్‌వైజరు, విసుగ్గా.

"చేసే ఉంటారు" అని రెండో కుర్చీలోకి జరిగాను. ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నాయి.