అత్తమ్మ బొగ్గు గీతలు

నా నోటికంటే ముందు నా కుడిచెయ్యి వాదనకు దిగడం నలభై ఏడో ఏట మొదలైంది. బడిలో నల్లబల్ల మీద నిలువుగీత గీస్తే అది వాగులా వంకర్లు తిరిగేది. మొదట సుద్దముక్కను తిట్టాను, తరువాత బల్లను. జగదల్‌పూర్ డాక్టరు పార్కిన్సన్స్ అని తేల్చాక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

మాత్రలు బాగానే పనిచేశాయి. కానీ నెలలో నాలుగైదు రోజులు మాత్ర మింగినా ఉప్పుగల్లు మింగినా ఒకటే. కాళ్లు గడప దగ్గర అతుక్కుపోయేవి. ముట్టుకు ముందే ఇలా అవుతోందని డాక్టరుతో వాదించాను. పాపం, ఆయన కాదననేలేదు. ఆ రోజుల్లో హార్మోన్లు తగ్గి కొందరు ఆడవాళ్లకు మందు సరిగా పట్టదు, తారీఖులు రాసి తెండి, చూసి మారుద్దాం అన్నాడు. మందు కుదరకపోతే నాకు నల్లబల్ల ఉండదు. ఆఫీసు గదిలో కుర్చీ వేయిస్తానని హెడ్మాస్టరు అప్పటికే రెండుసార్లు మర్యాదగా అన్నాడు.

తారీఖులు! ఇరవై ఏళ్లుగా పిల్లల చేత పేజీ పైన తారీఖు వేయిస్తున్నదాన్ని, నా ఒంటి తారీఖు ఒక్కటీ రాసుకోలేదు. రాసింది మా అత్తమ్మ. వెనక వసారా గోడ మీద, బొగ్గుతో. నేను బయట చేరిన రోజున అడ్డగీత, ఆపైన రోజుకో నిలువుగీత. విత్తనాల పండుగనాడు నేను గింజ ముట్టవచ్చో లేదో ఆమెకు ముందే తెలియాలి. బీయే చదివిన కోడలిగా దాని మీద నేనివ్వని ఉపన్యాసం లేదు. పోయిన వేసవిలో గోడంతా సున్నం కొట్టించి, “అయిపోయింది నీ పంచాంగం” అన్నాను కూడా.

ఇప్పుడు ఆమె ముందే నిలబడాల్సి వచ్చింది.

“అత్తమ్మా, ఆ గీతలు ఏమన్నా యాదికున్నయా?”

ఇప్పపువ్వు ఆరబోస్తూ తలెత్తింది. “ఏందే? గోడకు కొట్టిస్తివి సున్నం. నా బుర్రకు గూడ కొట్టిచ్చినవా?”

బస్సెక్కించి జగదల్‌పూర్ తీసుకుపోయాను. డాక్టరుకు తెలుగు రాదు. ఆమె హిందీ సంతలో బేరం వరకే. మధ్యలో నేను ఆమె మాట హిందీలోకి మార్చి చెప్పాలి.

ఆమె వేళ్లు మడిచింది. “పోయిన పున్నమికి రెండు దినాల ముందల చేరింది. దానికి నాలుగు దినాల ముందల సంది అన్నం కలుపుకోనీకి రాలే, చెంచా అడిగింది. ఆ ముందటి నెల మేక ఈనినప్పుడు. అప్పుడు గూడ అంతే, చెయ్యి పట్టి గడప దాటిచ్చిన.”

చెంచా సంగతి నేనెవరికీ చెప్పలేదు. తలవంచుకుని అంతా హిందీలో చెప్పాను.

“ఆ దినాలల్ల చెయ్యి వణుకుతది గని నోరు వణకది. అది గూడ చెప్పు ఆయనకు.”

ఆమె ఏమంటున్నారని డాక్టరు అడిగాడు. ఇంకా అదే విషయం అన్నాను.

అత్తమ్మ నా మొహం చూసింది. ఆయన వైపు తిరిగి, నాది అబద్ధమని తన సంత హిందీలో, “ఝూట్ బోల్తా,” అంది.

చివరికి నా నోటి సంగతి నా నోటితోనే చెప్పించారు. ఆయన నవ్వి, ఆ ముందురోజులకు మాత్రల వేళలు మార్చి రాసిచ్చాడు. ఈ వయసులో నెలసరి క్రమం తప్పడం మొదలైతే తారీఖుల మీదే ఆధారపడకండి, ఒంటిని గమనిస్తూ ఉండండి అన్నాడు.

క్రమం తప్పడం మొదలైంది కూడా. అందుకే ఆ తెల్లగోడ మీద ఇప్పుడు నేనే పొద్దున్నే బొగ్గుతో గీస్తున్నాను, రోజుకో గీత. అత్తమ్మ వెనకే నిలబడుతుంది. మొన్న ఒక గీతను వేలితో తడిమి, “ఇది వంకర పోతుంది. ఇయ్యాల్టి సంది డాక్టరు చెప్పినట్టు మాత్ర ముందల వేస్కో,” అంది.

“వంకరేం లేదు, గోడే ఎగుడుదిగుడు,” అన్నాను.

మాత్ర వేసుకుని బడికి పోయాను. నల్లబల్ల మీద నిలువుగీత పూర్తి నిలువుగా రాలేదు. కానీ వెనక బెంచీ పిల్లలు కూడా చూసి రాసుకున్నారు.