నవ్వితే పడిపోయే రోజులు

మొన్న బరంపురంలో, గోసాని నువాగాం పేటలో మందుల దుకాణం దగ్గర నిలబడి ఉండగా, బల్ల మీద కూర్చున్న కాలేజీ అమ్మాయి ఒకతె వాళ్లమ్మ మాట్లాడుతుండగానే తల వాల్చి నిద్రపోయింది. తల్లి సిగ్గుపడి, ఎప్పుడూ ఇదే వరస అని అందరికీ సంజాయిషీ చెప్పుకుంటుంటే, ఆవిడను పక్కకు పిలిచి, తిట్టకండమ్మా, ఒకసారి నరాల డాక్టరుకు చూపించండి అని చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చాక ఆ రోజంతా నా పాత రోజులే కళ్లముందు మెదిలాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పురుషోత్తంపూర్ బడిలో లెక్కలు చెప్పేదాన్ని. బరంపురంలో బస్సెక్కి కూర్చోగానే నిద్ర, దిగవలసిన చోట కండక్టరు ఒడియాలో కేకేసి లేపడం. అంతవరకైతే ఎవరికైనా ఉండేదే. నాకు నిలబడి బోర్డు మీద రాస్తున్నప్పుడు కూడా నిద్ర ముంచుకొచ్చి, అంకెలు కిందికి జారి వంకర గీతలైపోయేవి. దానికన్నా విచిత్రం, గట్టిగా నవ్వొస్తే చాలు, మోకాళ్లలో సత్తువ పోయి, తెలివి ఉండగానే కూలబడిపోయేదాన్ని.

మా ఆయనేమో నవ్వించే మనిషి. ఆఫీసు నుంచి రాగానే తన పై అధికారి నడకా, తెలుగూ ఒడియా కలిపి విసుక్కునే తీరూ చేసి చూపిస్తే వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి వినేవారు. పెళ్లైన కొత్తలో ఒకనాడు నేను గంజి వారుస్తుండగా ఆయన ఏదో అన్నారు, నేను నవ్వాను, గిన్నెతో సహా పడిపోయాను. చెయ్యి కాలింది. ఆ తరువాత, ఎవరూ మానమనకుండానే, ఆయన ఇంట్లో హాస్యమాడడం మానేశారు. మా అత్తగారు పాత్రపూర్ దగ్గర వ్యవసాయదారుల ఇంట పుట్టిన మనిషి. నన్ను ఏనాడూ బద్ధకస్తురాలని అనలేదు సరికదా, చుట్టాల ముందు నేను కునికితే, రాత్రి తనకు కాళ్లు పట్టి నిద్రలేక అలా ఉన్నానని కల్పించి చెప్పేవారు.

నా ఈ జబ్బుకు నార్కోలెప్సీ అని ఒక పేరుందని నలభై దాటాకే తెలిసింది. డాక్టరు ఇచ్చిన మాత్రతో పగలు మెలకువగా ఉండగలిగాను గాని, పడిపోవడం తగ్గలేదు. దానికి వేరే మందుంది, కొందరికి వికారం, గుండెదడ వస్తాయి, పడకపోతే మార్చవచ్చు, ఉన్నట్టుండి మాత్రం మానకూడదు, ఆలోచించుకుని రండి అన్నారాయన. ఇంటికి వచ్చాక మా ఆయన వద్దన్నారు. ఉద్యోగం సాగుతోంది కదా, ఉన్నది పాడు చేసుకోవడం ఎందుకని ఆయన భయం. నాకూ నవ్వకుండా బతకడం అప్పటికి అలవాటైపోయింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇదంతా విన్న అత్తగారు, ఆయన బయటికి వెళ్లాక నాతో అన్నారు: "నువ్వు పడిపోతావని ఆడు నోరు కట్టేసుకున్నాడమ్మా. సిన్నప్పుడు ఆడెలాగుండేవోడో నాకు తెల్సు. ఆ మందేటో ఏసి సూడు. నేనున్నాను కదా."

మొదటి మందు పడలేదు. అన్నం చూస్తే వికారం, కూర్చున్నా గుండె దడదడ. బడికి సెలవు పెట్టి పడుకుంటే అత్తగారే జావ కాచి తాగించారు. డాక్టరు దాన్ని మెల్లగా తగ్గించి ఇంకొకటి ఇచ్చినప్పుడు నాకు ధైర్యం చాలక ఆ మాత్రలు కొన్నాళ్లు అలమారులోనే ఉండిపోయాయి. చివరికి వేసుకున్నాను. అది పడింది.

కొన్ని వారాలకు ఓ సాయంత్రం అత్తగారు కావాలనే కొడుకుని ఆ పాత అధికారి సంగతి అడిగారు. ఆయన నా వైపు చూసి తటపటాయించారు. "సెప్పరా, నవ్వనీ" అన్నారావిడ. ఆయన లేచి ఆ అధికారిలా నాలుగడుగులు నడిచారు. నేను నవ్వాను. ఆయన చేతులు చాచి పరుగున వచ్చారు. మోకాళ్లు కాస్త వణికాయి గాని నేను నిలబడే ఉన్నాను. నన్ను పట్టుకోవడానికి చాచిన చేతుల్ని ఏం చేయాలో తెలియక ఆయన అలాగే ఉండిపోయారు.

అత్తగారు పోయి చాలా కాలమైంది. ఇప్పటి పిల్లలకు జబ్బు పేరు తెలుసుకోవడానికి మాలాగా సగం జీవితం పట్టదు, అది సంతోషమే. నేనూ ఇప్పుడు బాగానే నవ్వుతున్నాను. వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లో వినిపించవలసిన నవ్వులు మాత్రం ఇక ఎక్కడా దొరకవు. మా ఆయన ఇప్పటికీ ఏదో తమాషా చెప్పబోయి, అసలు మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, నేను కూర్చుని ఉన్నానో లేదో చూసుకుంటారు.