బాధ్యత ఎవరిదని మేము చర్చించిన ఆదివారం

నేను సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్న రోజులవి. మా పేటలో ఒక చిన్న గ్రంథాలయం ఉండేది. నెలకో ఆదివారం మధ్యాహ్నం అక్కడ చర్చ పెట్టుకునేవాళ్ళం. అప్పట్లో చర్చ అంటే చిన్న పని కాదు. అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు. నలుగురు కలిసి కూర్చుంటే ఐదోవాడు ఎవరి మనిషో తెలియని కాలం. నేతకూలి గురించి మాట్లాడితే ఒకరికి కోపం, మాట్లాడకపోతే ఇంకొకరికి. అందుకని అక్షరాస్యత, పరిశుభ్రత, చంద్రుడి మీద మనిషి వంటి విషయాలతో నెట్టుకొచ్చాం. చంద్రుడి మీద మూడుసార్లు చర్చించాం.

ఆ నెల విషయం నేనే సూచించాను. రేడియోలో రోజూ పాలస్తీనా వార్తలు వచ్చేవి. ‘పాలస్తీనా - ఇజ్రాయిల్ ఘర్షణ: బాధ్యత ఎవరిది?’ అని కాగితం మీద రాసి లైబ్రేరియన్‌కు ఇచ్చాను. ఆయన యాభై దాటిన మెత్తని మనిషి. గట్టిగా మాట్లాడితే పుస్తకాలకు నొప్పి కలుగుతుందేమో అన్నట్టు ఉండేవాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"గిది మనకు దూరమే గదా టీచరమ్మా?"

"శాన దూరం సార్. నడుమ సముద్రం గూడ ఉంది."

"గట్లయితె పెట్టుకుందాం" అన్నాడు, తేలికపడి.

అనుమతి కోసం ఆయనే పోలీసు స్టేషన్‌కు వెళ్ళొచ్చాడు. "ఎస్సై సారు సరేనన్నడు. గా దేశంల మన అన్నలు ఎవరన్న ఉన్నరా అని అడిగిండు. లేరని నేను జిమ్మ తీసుకున్న" అని చెప్పాడు.

వక్తలు ఇద్దరు. ఒకరు గంభీరావుపేట వైపు ఒక పల్లె దొర. అన్నలు పొలాల్లో ఎర్రజెండాలు పాతిన తర్వాత కోటలాంటి తన గడికి తాళం వేసి, సిరిసిల్లలో అద్దె ఇంట్లో ఉంటున్నాడు. రెండో ఆయన మరమగ్గాల కార్మికుల నాయకుడు. ఆయన తండ్రి ఎల్లారెడ్డిపేట వైపు ఇంకో దొర దగ్గర జీతం ఉండి, వెట్టి చేసి, అక్కడే చనిపోయాడు. ఇద్దరూ ఎదురుపడితే రోడ్డు దాటి పక్కకు పోయేవాళ్ళు. వీళ్ళు చెరో పక్షం తీసుకుంటారనీ, చర్చ బాగా పండుతుందనీ నేను సంబరపడ్డాను.

తీరా ఇద్దరూ పాలస్తీనా పక్షమే కావాలన్నారు.

"నేను పీడితుల దిక్కే మాట్లాడుత. ఇంకో దిక్కు మాట్లాడుడు నాకు శాతగాదు" అన్నాడు నాయకుడు.

"ఇల్లు వాకిలి పోయినోని బాధ నాకంటె ఎవరికి ఎర్క?" అన్నాడు దొర.

లైబ్రేరియన్ చేతులు నలుపుకుంటూ, "ఇంకో దిక్కోళ్ళ బాధ గూడ ఎవరన్న జెప్పాలె గదా" అని నా వైపు చూశాడు. నాకు తప్పలేదు. శతాబ్దాలుగా దేశదేశాలా తరిమివేతకు గురైన జనం గురించి, యూరప్‌లో వాళ్ళ మీద జరిగిన మారణకాండ గురించి, ఎక్కడికి వెళ్ళినా మళ్ళీ ఎవరు తలుపు తడతారోనని బతికే భయం గురించి పది నిమిషాలు చదివాను. అందరూ మర్యాదగా విన్నారు. ఆలస్యంగా వచ్చే బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళు వినేలాంటి వినడం అది.

తర్వాత దొర లేచాడు. నిజం చెప్పాలంటే బాగా మాట్లాడాడు. "తాతల నాటి ఇల్లు. తాతల నాటి భూమి. ఒకరోజు తుపాకులు పట్టుకొని అచ్చి, నీది గాదు పో అన్నరు. వాడు ఏడికి పోవాలె? ఇయ్యాల గాకుంటె రేపు, మర్లిపోయే హక్కు వానికి ఉన్నదా లేదా?" ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. హాలులో సగం మంది కిందికి చూశారు. ఆయన ఏ దేశం గురించి చెబుతున్నాడో అందరికీ అర్థమైంది.

నాయకుడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఆయనా పాలస్తీనా పక్షమే. కానీ ఈ పాలస్తీనా కాదు.

"హక్కు భూమి దున్నినోనికి ఉంటది. గడిల కూసున్నోనికి గాదు."

"గా మాట ఇజ్రాయిలోళ్ళు గూడ అంటరు. బీడు భూమిని మేమే పండించినం, మాదే అంటరు. నువ్వు ఇజ్రాయిల్ దిక్కు మాట్లాడుతున్నవ్" అన్నాడు దొర.

నాయకుడి ముఖం కందిపోయింది. జీవితంలో ఆయన్ని చాలా మంది చాలా అన్నారు గానీ ఆ మాట ఎవరూ అనలేదు. "ఊరోళ్ళను ఊరి తొవ్వల నడువనియ్యంది ఎవరు? చెప్పులు ఇడిపిచ్చింది ఎవరు? నువ్వే ఇజ్రాయిల్" అన్నాడు.

ఒకే పక్షాన నిలబడి ఇద్దరు మనుషులు అంతగా కొట్లాడుకోవడం నేను మళ్ళీ చూడలేదు. ఇజ్రాయిల్ తరఫున నేను చదివిన కాగితం బల్ల మీద అలాగే పడి ఉంది. ఆ దేశం గురించి గానీ, అవతలి దేశం గురించి గానీ ఆ గంటలో వాళ్ళిద్దరూ ఒక్క ముక్క చెప్పలేదు. కానీ రెండు పేర్లూ అరిగిపోయేదాకా వాడారు.

మధ్యలో వెనక వరసలోంచి ఒకాయన చెయ్యి ఎత్తాడు. కోరుట్ల మనిషి. మా పేట అల్లుడు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు.

"మా రూముల పాలస్తీనా ఆయన ఒకడు ఉండె. కరెంటు పని. నా అంత ఈడు. మీ ఊరు ఎట్లుంటదని అడిగితె అంతా జెప్పిండు. బాయి ఏడ, అంజీరు చెట్టు ఏడ, వాళ్ళింటికి పోవాల్నంటె ఎటు మలగాలె. ఎప్పుడు పోయచ్చినవ్ అంటె, ఎన్నడు పోలే అన్నడు. ఆయన పుట్టకముందే వాళ్ళ నాయినోళ్ళను ఎల్లగొట్టిన్రట. నాయిన జెప్పిందే ఆయన జెప్పుతుండు."

నాయకుడు అడిగాడు: "మరి బాధ్యత ఎవరిదన్నడు?"

"గది నేను అడగలే సార్. మా ఇల్లు యాదికచ్చి నాకే ఏడ్పచ్చింది."

"అంటె విశ్లేషణ లేదన్నట్టు" అన్నాడు నాయకుడు. దొర కూడా తల ఊపాడు. మినిట్స్ పుస్తకంలో నేను ‘ఒక సభ్యుడు తన సొంత అనుభవం చెప్పెను’ అని ఒక్క ముక్క రాసి, మళ్ళీ గొడవ రాయడంలో పడ్డాను.

మూడో రోజు స్టేషన్ నుంచి నాకు పిలుపొచ్చింది. ఎస్సై మర్యాదగానే కుర్చీ చూపించాడు. ముందు పెట్టుకున్న కాగితం చూస్తే, ఆ ఆదివారం శ్రోతల్లో ఒక కానిస్టేబుల్ కూడా లుంగీలో కూర్చున్నాడని తెలిసింది.

"గీ కాగితంల భూమి అన్న మాట శానసార్లు ఉన్నది. ఏ భూమి మేడం?"

"పాలస్తీనా భూమి సార్."

"గడి అని గూడ ఉన్నది. పాలస్తీనల గడీలు ఉంటయా?"

ఆయన కాగితం తిప్పాడు.

"ఇద్దరు ఒకలినొకలు ఇజ్రాయిల్ అన్నరట. ఇజ్రాయిల్ అంటె కోడ్ పేరా?"

"కాదు సార్. దేశం."

"మనిషిని పట్టుకొని దేశమని ఎందుకంటరు?"

ఆ చర్చ మొత్తంలో ఎవరూ అడగని మంచి ప్రశ్న అది. ఆయన పెన్ను తీశాడు.

"సరే. గీ టాపిక్ ఎవరు పెట్టిన్రు? జిమ్మేదారి, గదే బాధ్యత, ఎవరిది?"

స్టేషన్‌కు వెళ్ళొచ్చిన ఆడపిల్లను మా బడి యాజమాన్యం ఎన్నాళ్ళు ఉంచుకుంటుందో నాకు తెలుసు. బయట వేపచెట్టు కింద మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఇవన్నీ కారణాలే. కానీ నేను ఆడిన అబద్ధం అవి ఆలోచించుకుని ఆడింది కాదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"లైబ్రేరియన్ సార్‌ది" అన్నాను.

నెల తిరక్కుండా ఆయన్ని జగిత్యాలకు బదిలీ చేశారు. మేము ఘనంగా వీడ్కోలు సభ పెట్టాం. దొర శాలువా కప్పాడు. నాయకుడు ఇది రాజ్యం కుట్ర అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ‘బాధ్యతకు మారుపేరు’ అని నేను సన్మానపత్రం రాసి, తడబడకుండా చదివాను. ఆయన వంగి వంగి అందరికీ దండం పెట్టాడు. ఆ తర్వాత నెల చర్చ జరగలేదు. ఆ పై నెల చంద్రుడి మీద జరిగింది.

కొన్నేళ్ళకు నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది. పదో తరగతి పేపర్లు దిద్దడానికి జగిత్యాల వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం విరామంలో ఆయన పనిచేసే చోటు వెతుక్కుంటూ పోయాను. బల్ల మీద టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. కూర్చోమన్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను.

"సార్, ఆ రోజు స్టేషన్ల మీ పేరు జెప్పింది నేనే."

"ఎర్కనే టీచరమ్మా. ఎస్సై నాకు సదివి వినిపిచ్చిండు. దొర జెప్పిండు, నాయకుడు జెప్పిండు, మీరు జెప్పిన్రు. ముగ్గురూ నా పేరే జెప్పిన్రు" అన్నాడు. ఆయన గొంతులో కోపం కోసం వెతికాను. "మీ ముగ్గురికి రాజీ కుదిరింది గా ఒక్క ముచ్చట మీదనే."

ఆయన డబ్బా మూత తిరగేసి, అందులో పెరుగన్నం పెట్టి నా వైపు జరిపాడు. కూర్చుని తిన్నాను. ఉప్పు తక్కువైంది. అడగలేదు.